వాగు ఇసుకలో ఉన్న లెక్క ఎవరిది?

గౌరవనీయులైన కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ కార్యదర్శి గారికి,
గౌరవనీయులైన కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ కార్యదర్శి గారికి,

మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, ఎర్రగొండపాలెం ప్రాంతాల పక్షాన, అంటే పశ్చిమ ప్రకాశం పక్షాన, రాస్తున్న ఉత్తరం ఇది.

మీ ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రావడానికి కారణం ఉంది. ఒకరి బీరువాలో నేల లెక్కలున్నాయి, ఇంకొకరి చేతిలో అనుమతి ముద్ర ఉంది. ఆ ముద్ర ఉన్న పర్యావరణ శాఖ 2025 సెప్టెంబరు 8న ఒక మెమోరాండం వెలువరించింది. అణు ఖనిజాల గనులకూ, కీలక, వ్యూహాత్మక ఖనిజాల గనులకూ ఇక ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదన్నది దాని సారం. లీజు ఎంత చిన్నదైనా, ఎంత పెద్దదైనా పరిశీలన ఢిల్లీలోనే జరుగుతుంది. రక్షణ శాఖ, అణుశక్తి విభాగం కోరాయి కాబట్టి ఈ వెసులుబాటు ఇచ్చామన్నారు. కాలుష్య నియంత్రణ మండలి షామియానా వేయించి, కలెక్టరో ఆయన తరఫు అధికారో కూర్చుని, ఊళ్లవాళ్లు ఒక్కొక్కరే లేచి మైకు ముందు అడిగే ఆ ఒక్క రోజు, ఒక్క కాగితంతో పోయింది.

పశ్చిమ ప్రకాశానికి ఇందులో వచ్చిన నష్టమేమిటని మీకు అనిపించవచ్చు. ఇక్కడ యురేనియం గని లేదు, లిథియం గని లేదు. పడమట నల్లమల, తూర్పున వెలిగొండలు, నడుమ పలకల గనులు, బోర్లు అడుగంటిన చేలు, వలస పోయిన ఇళ్లకు వేలాడే తాళాలు. ఇంతే కదా?

ఇంతే అయితే ఈ ఉత్తరంతో పని లేదు. కనిగిరి గ్రానైటు సంగతి ఊరివాళ్లకంటే మీ శాఖలకే ముందు తెలుసు. ఫ్లోరిన్ మోతాదు మించి ఉన్న ఈ రాతిలో నియోబియం, టాంటలం, అరుదైన మృత్తికా మూలకాలు ఇముడ్చుకున్న ఖనిజాలు కనిపిస్తాయని భూగర్భ శాస్త్ర పత్రికలు దశాబ్దాలుగా రాస్తున్నాయి. నియోబియం, టాంటలం 2023 దాకా అణు ఖనిజాల జాబితాలో ఉండేవి. ఆ ఏడాది చట్టం సవరించి వాటిని కీలక ఖనిజాల జాబితాలోకి మార్చి, ప్రైవేటు కంపెనీలకు దారి తెరిచారు. అవే ఖనిజాలకు రెండేళ్ల తర్వాత ప్రజాభిప్రాయ సేకరణ ఎత్తేశారు. అణు ఖనిజంగా ఉన్నన్నాళ్లు ప్రభుత్వం తప్ప ఎవరూ ముట్టకూడదన్నారు. కంపెనీ ముట్టవచ్చని అన్నాక జనం మాట్లాడకూడదంటున్నారు. ఈ వరస మీకు సబబుగా తోచిందా?

ఆ రాతితో కనిగిరి జనానికి ఉన్న పరిచయం వేరు. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో. షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఆ వ్యాసం ప్రచురించారు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోవే. 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డప్పుడు ఇటు వచ్చాయి. గ్రానైటులోని ఫ్లోరైటు, నల్ల అభ్రకం, అపటైటు అనే ఖనిజాల్లో ఫ్లోరిన్ దాగి ఉంటుంది. కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బనేటు ఎక్కువగా ఉన్న నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిస్తే ఫ్లోరైడు కరిగి నీళ్లలోకి దిగుతుంది. వానలు తప్పి, బోరు ఇంకా ఇంకా లోతుకు దిగినకొద్దీ పైకి వచ్చేది అలా చాలాకాలం రాతితో కాపురం చేసిన నీళ్లే. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫరవాలేదు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. అది దాటితే మొదట పిల్లల పళ్లకు గార, ఆ తర్వాత పెద్దల మోకాళ్లు, నడుములు.

ఇక్కడే మీ రెండు శాఖల పని కలుస్తుంది. కనిగిరి రాతిలో ఫ్లోరిన్ ఎక్కువన్న ఒకే అంకెను ఇద్దరు రెండు రకాలుగా చదువుతారు. అరుదైన లోహాలు వెతికేవాడికి అది శుభశకునం. బిందె పట్టుకున్న అమ్మకు అది బిడ్డ పళ్ల మీద పసుపు మచ్చ.

భూరసాయన అన్వేషణ చాలావరకు ఇలాగే నడుస్తుంది. ఖనిజాన్ని మాత్రమే వెతకరు, దాని వెంట నడిచే మూలకాన్ని కూడా పట్టుకుంటారు. బంగారానికి ఆర్సెనిక్, సీసం జింకులకు బేరియం, కాడ్మియం, అరుదైన లోహాల గ్రానైటుకు ఫ్లోరిన్. నిప్పు లేనిదే పొగ రాదన్న మన సామెతను ప్రయోగశాలలోకి తీసుకుపోయారన్న మాట. అయితే ఆ పట్టికను ఇంకోసారి చదవండి. ఆర్సెనిక్, సీసం, కాడ్మియం, ఫ్లోరిన్. వెతికేవాడికి ఆనవాళ్లు, తాగేవాడికి విషాలు. ఖనిజం కోసం తీసిన నమూనాలోనే ఊరి ఆరోగ్య పరీక్ష కూడా అయిపోయి ఉంటుంది. ఫలితం మాత్రం ఒకరికే అందుతుంది.

గనుల శాఖ కింద ఉన్న భారత భూగర్భ సర్వే సంస్థ, అంటే జీఎస్‌ఐ, దేశమంతటా జాతీయ భూరసాయన పటం గీస్తోంది. పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. చిన్న వాగుల్లో ఒండ్రు పేరుకున్న చోట సన్నటి మట్టి తీసి, ఎండబెట్టి, జల్లెడ పడతారు. చదరపు కిలోమీటరుకు ఒక నమూనా. పక్కపక్కనున్న నాలుగింటిని కలిపి ప్రయోగశాలకు ఒక పొట్లం. దానిలో అరవైకి అటూ ఇటూగా మూలకాలు కొలుస్తారు, ఫ్లోరిన్ కూడా అందులో ఒకటి. వాగు ఇసుకే ఎందుకంటారా? ఎగువన ఉన్న గుట్టలన్నీ వాన వాననా కొంచెం కొంచెం అరిగి వచ్చి కలిసేది అక్కడే. ఒక్క పిడికెడు మట్టి ఎగువ నేలంతటికీ సగటు.

గుండ్లకమ్మ సంగతే తీసుకోండి. నల్లమలలో పుట్టి, గిద్దలూరు సీమ దాటి కంభం చెరువులోకి దిగుతుంది. విజయనగర కాలం నాటి ఆ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తించింది. కట్ట గురించి అందరూ రాశారు. చెరువు అడుగున కొన్ని వందల ఏళ్లుగా పొర మీద పొరగా పేరుకున్న ఒండ్రు గురించి రాసినవాళ్లు తక్కువ. ఒక సన్నని గొట్టం దించి ఆ పూడికను నిలువునా పైకి తీస్తే, ఎగువ కొండల రసాయనం ఏ కాలంలో ఎలా మారిందో వరసగా చదువుకోవచ్చు. గని అనేది రాకముందటి లెక్కకు అంతకంటే మంచి సాక్షి ఈ సీమలో దొరకదు.

గని రాకముందటి లెక్క అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. అసలు పేచీ దానితోనే.

అమెరికా అలాస్కాలో రెడ్ డాగ్ అనే చోటు ఉంది. బాబ్ బేకర్ అనే చిన్న విమానాల పైలట్ పైనుంచి వెళ్తూ వాగుల్లో ఎర్రటి, తుప్పు రంగు మరకలు చూశాడు. 1968లో అమెరికా భూగర్భ సర్వేకు చెందిన ఇర్వింగ్ టైలర్ అక్కడి నమూనాలు తీస్తే సీసం, బేరియం అసాధారణ స్థాయిలో తేలాయి. 1970లో ఆ సర్వే సంస్థ ఫలితాన్ని దాచుకోకుండా అందరికీ అందేలా అచ్చు వేసింది. ఆ నేల ఇన్యూపియాట్ అనే మూలవాసులది. వాళ్ల సంస్థ నానా 1982లో కంపెనీతో ఒప్పందం చేసుకుంది, 1989లో గని మొదలైంది. ప్రపంచంలోని పెద్ద జింకు గనుల్లో అదొకటి. ఇక్కడ గమనించాల్సినది ఒకటుంది: గని తవ్వకముందే ఆ వాగు సహజంగా లోహాలతో నిండి, చేపలు బతకలేనంతగా ఉండేదని ముందే నమోదైంది. కాబట్టి ఆ తర్వాత ఏది ప్రకృతి చేసింది, ఏది గని చేసింది అన్న వాదనకు ఒక ఆధారం మిగిలింది. వైమానికుడి ఎర్ర కుక్క పేరు మీద ఆ వాగుకు పేరు వచ్చిందంటారు. మన దగ్గరైతే ఆ వాగుకు ఏ పోలేరమ్మ పేరో ఉండేది.

రేపు కనిగిరి దగ్గర నియోబియం గని వచ్చిందనుకోండి. పదేళ్లకు బోరు నీళ్లలో ఫ్లోరైడు పెరిగిందని ఊరు అంటే, అది ఎప్పటినుంచో ఉన్నదే అని కంపెనీ అంటుంది. ఇద్దరిలో ఎవరి మాట నిజమైనా తేల్చేది గనికి ముందటి అంకె. ఆ అంకెను ఊరి సమక్షంలో, ఊరికి అర్థమయ్యే భాషలో నమోదు చేసే సందర్భం ప్రజాభిప్రాయ సేకరణే. దానిని తీసేసి, ఆ అంకెను ఎవరి చేతిలో పెట్టారు?

ఈ సీమ రాళ్లు మీకు ఆసక్తి కలిగించేవి, కాదనలేం. మార్కాపురం పలక గనిలో ఉలి పెట్టి బండను పొరలుగా చీల్చేవాడికి ఆ రాతి గుణం చెయ్యి చెబుతుంది. కంభం పేరు మీదే శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టుకున్నారు: 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు రాళ్ల మీద రాసిన పెద్ద నివేదిక నాటినుంచి అది కంభం పలక రాయి. ఒకనాటి సముద్రపు అడుగున పేరుకున్న బురద, కొండల ఒత్తిడికి, వేడికి అలా పొరలు తేలింది. అందులో అక్కడక్కడా ఇత్తడిలా మెరిసే చదరపు గింజలు పైరైటు, అంటే ఇనుము, గంధకం. గాలి, వాన తగిలితే పైరైటు తుప్పు పట్టి గోధుమ రంగు మరక వేస్తుంది. విదేశాలకు పోయే పలక టైళ్లలో ఆ తుప్పు రంగులకే గిరాకీ. అదే పైరైటు గుట్టగా పోసిన వ్యర్థంలో ఉంటే వాననీటితో కలిసి ఆమ్లం పుడుతుంది. ఒకే గింజ, ఒకచోట అందం, ఇంకోచోట అపాయం.

ఈ పలక రాయి చెందిన నల్లమలై వర్గపు రాళ్లలోనే, దక్షిణాన కడప వైపు మంగంపేట ముగ్గురాయి ఉంది. ప్రపంచంలోనే పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి. ఉత్తరాన వినుకొండ వైపు అగ్నిగుండాల పట్టీ: బండలమొట్టులో సీసం, నల్లకొండ, ధూకొండల్లో రాగి. గిద్దలూరుకు దక్షిణంగా వరికుంట, జంగంరాజుపల్లె సీసం జింకు జాడలు. రెడ్ డాగ్‌లోనూ ముగ్గురాయి ఉంది, సీసం, జింకు ఉన్నాయి. మధ్యనున్న మార్కాపురం, గిద్దలూరు సీమ మీద అన్వేషకుడి కన్ను పడటం సహజం. 2023 సవరణ ప్రకారం ఒక్క అన్వేషణ లైసెన్సు 1,000 చదరపు కిలోమీటర్ల దాకా ఇవ్వవచ్చు. అంటే ఒక్క కాగితం కింద కొన్ని మండలాలు మండలాలే వచ్చిపడతాయి. సీసం, జింకు, రాగి, వజ్రం, బంగారం అన్నీ ఆ లైసెన్సు కింద వెతకదగిన 29 ఖనిజాల జాబితాలో ఉన్నాయి. వీటిలో కొన్నింటికి ప్రజాభిప్రాయ సేకరణ ఇంకా ఉంది. అయితే జింకు ఖనిజంతో అంటిపెట్టుకుని వచ్చే కాడ్మియం, ఇండియం లాంటివి ఇప్పుడు మినహాయింపు జాబితాలో ఉన్నాయి. జింకుకు ఊరిని అడగాలి, కాడ్మియానికి అడగక్కర్లేదు. రెండూ ఒకే రాతిలో ఉన్నప్పుడు ఏ నిబంధన నడుస్తుందో మెమోరాండంలో ఎక్కడ వెతకాలి?

బండలమొట్టు సీసం గనిని హిందుస్తాన్ జింక్ కొంతకాలం తవ్వి మూసేసింది. మూతపడిన గని చుట్టూ ఉన్న బావుల్లో సీసం ఎంతుందో ఆ ఊళ్ల గోడల మీద ఎవరైనా ఎప్పుడైనా రాయించారా?

వజ్రాల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. గిద్దలూరు నుంచి నంద్యాల పోయే రైలు నల్లమల లోపల చలమ స్టేషన్ దాటుతుంది. ఆ చుట్టుపక్కల ఉన్న లాంప్రాయిట్ అనే రాయి సుమారు 140 కోట్ల ఏళ్ల నాటిది, ప్రపంచంలోని అతి పాత లాంప్రాయిట్లలో ఒకటి. పలక రాతిని చీల్చుకుని పైకి వచ్చింది కాబట్టి మన పలకలు అంతకంటే పెద్దవే. ఆస్ట్రేలియాలో 1979లో ఆర్గైల్ వజ్రాల గని దొరికింది ఇదే జాతి రాతిలో, అదీ వాగు ఇసుకలో జాడ పట్టుకుని ఎగువకు నడిచి. 2020లో మూతపడే దాకా అది ప్రపంచంలోని పెద్ద వజ్రాల గనుల్లో ఒకటి. క్రోమైటు గింజ ఒకటి వాగులో దొరికితే దాని క్రోమియం, అల్యూమినియం పాళ్లు చూసి తల్లిరాయి ఏ జాతిదో చెప్పే ఖనిజ శాస్త్రం నిజంగా అబ్బురం. ఆ శాస్త్రానికి ఈ ఉత్తరం విరోధి కాదు.

లోహాలు, వజ్రాలే కాదు, పెట్రోలును కూడా నేల రసాయనంతో వెతుకుతారు. ఆ సంగతి మాత్రం రెండు ముక్కల్లో తేలిపోతుంది. నేల కింద నూనె, గ్యాసు ఉంటే మీథేన్, ఈథేన్, ప్రొపేన్ అణువులు పగుళ్ల గుండా సన్నగా పైకి ఊరి మట్టి రేణువులకు అంటుకుంటాయి. రెండు మీటర్ల లోతు నుంచి మట్టి తీసి వాటిని కొలవవచ్చు. ఆ వాయువులు లోపలి వేడికి పుట్టాయా, పైపై బ్యాక్టీరియా చేసినవా అన్నది కార్బన్ ఐసోటోపులు చెబుతాయి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఈ పద్ధతిని కడప బేసిన్‌లోనూ ప్రయోగించింది. ఆస్ట్రేలియా మెకార్థర్ బేసిన్‌లో 140 కోట్ల ఏళ్ల నాటి నల్ల రాతిలో నూనె జాడలు దొరికాయి కాబట్టి ఆశ పెట్టుకోవడం తప్పు కాదు. కానీ నూనె పుట్టేది 60 నుంచి 120 డిగ్రీల వేడి దగ్గర. కంభం బురద పలకగా మారడానికి పడ్డ వేడి దానికి రెట్టింపు పైనే. మార్కాపురం పలకల కింద ఆ వంట ఎప్పుడో మాడిపోయింది. కృష్ణా గోదావరి బేసిన్‌లా ఇక్కడా గ్యాసు పొంగుతుందని ఎవరైనా ఎన్నికల వేదిక ఎక్కి చెబితే, మీ శాఖ శాస్త్రవేత్త ఒకరు పక్కన నిలబడి ఈ మాట చెప్పాలి.

నేల రసాయనం చదవడం ఈ గడ్డకు కొత్త విద్యేమీ కాదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో చెట్టూ పుట్టా చూసి కింద నీళ్లెక్కడో చెప్పే పద్ధతులు రాశాడు. తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రవేత్త ఇ.ఎ.వి. ప్రసాద్ ఆ అధ్యాయాన్ని శాస్త్ర దృష్టితో పరిశీలించారు; బంగారం వెతుకులాటలో చెదపుట్టలు ఎలా ఉపయోగపడతాయో 1987లో ఆయన బృందం కరెంట్ సైన్స్ పత్రికలో రాసింది. చెదపురుగు లోతునుంచి మట్టి పైకి మోస్తుంది, మనిషి ఆ మట్టిని పరీక్షిస్తాడు. మన చేల గట్ల మీద పాలు పోసే పుట్టలు ఒక రకంగా ఉచితంగా తవ్విన బోర్లు.

గిద్దలూరు నుంచి సగిలేరు వెంట దక్షిణానికి పోతే పోరుమామిళ్ల. అక్కడి చెరువు కట్ట శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు రాతి మీద చెక్కించాడు. కట్ట నీరు కారడం ఒక దోషం, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం ఇంకొకటి, చౌడు నేల మరొకటి. నేలలో ఉప్పుందా లేదా అన్న రసాయన ప్రశ్నను అప్పటి రాజకుమారుడు నీళ్లు వాడుకునే జనం కంటికి కనిపించేలా రాతికెక్కించాడు. ఆరున్నర శతాబ్దాలు దాటాక మీరేం చేస్తున్నారు?

మీ పక్షాన చెప్పుకోదగినది లేకపోలేదు. 2023 డిసెంబరు 19న గనుల శాఖ జాతీయ భూవిజ్ఞాన సమాచార భాండాగారం అనే పోర్టల్ తెరిచింది. అంతవరకు మెచ్చుకోవాల్సిందే. అయితే అది ఎవరి కోసం తెరిచారు? కంప్యూటరు, ఇంగ్లీషు, పటాలు చదివే ఉద్యోగి ఉన్న కంపెనీ దానిలో దూరి, కనిగిరి గడిలో ఫ్లోరిన్ ఎంతో చూసుకుని బయటికి రాగలదు. హనుమంతునిపాడులోనో పామూరులోనో ఆశా కార్యకర్త రాగలదా? పీపీఎం అనే మూడక్షరాలకు అర్థం ఆమెకు ఎవరు చెప్పారు? అన్వేషణకు లెక్కలు బహిరంగం, ఆరోగ్యానికి లెక్కలు దుర్గమం. ఇది కావాలని చేసిన పని అని ఈ ఉత్తరం అనడం లేదు. ఎవరూ ఆ వైపు నుంచి ఆలోచించలేదనే అంటోంది.

దేశ అవసరం నిజమే. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన మృత్తికా మూలకాల ఎగుమతికి ఆంక్షలు పెట్టగానే కార్ల ఫ్యాక్టరీలకు గుబులు పుట్టింది. ప్రపంచ నియోబియంలో సింహభాగం ఒక్క బ్రెజిల్‌దే. 2025 జనవరిలో కేంద్రం 16,300 కోట్ల రూపాయలతో జాతీయ కీలక ఖనిజాల మిషన్‌కు ఆమోదం తెలిపింది. ఇవన్నీ ఒప్పుకున్నా ఒక ప్రశ్న మిగులుతుంది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్‌లో దేశ రక్షణ, భద్రత, వ్యూహాత్మక అవసరాలకు సంబంధించిన ప్రాజెక్టులకు సేకరణ నుంచి మినహాయింపు ఉంది. క్షిపణి ఎక్కడ దాస్తున్నామో ఊరికి చెప్పలేం, నిజమే. కనిగిరి కొండ ఎక్కడుందో ఎవరికి దాచాలి? దానిలో ఏముందో పరిశోధన పత్రాల్లో ఎప్పుడో అచ్చయింది, అన్ని దేశాలూ చదివాయి. మిగిలిన రహస్యం, చుట్టూ ఉన్న ఊళ్ల బోర్లకు ఏమవుతుందన్నది ఒక్కటే. దానిని శత్రు దేశం అడగదు, కనిగిరే అడుగుతుంది.

సేకరణ పెడితే గనులు ఆగిపోతాయన్న భయమా? తుమ్మలపల్లె యురేనియం గనికి సేకరణ జరిగింది, గనీ వచ్చింది. తర్వాతి ఏళ్లలో గని వ్యర్థాల (టెయిలింగ్స్) చెరువు చుట్టుపక్కల రైతులు బోరు నీళ్ల మీద ఫిర్యాదు చేశారు. లంబాపురం, పెద్దగట్టుకు 2003లో సేకరణ జరిగింది, నాగార్జునసాగర్ నీళ్ల పక్కన యురేనియం వద్దని జనం గట్టిగా చెప్పారు, ఆ గని రాలేదు. 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకం వద్దని తెలంగాణ శాసనసభే తీర్మానం చేసింది. ఒకచోట అవును, ఒకచోట కాదు. జనం మాట విన్నంత మాత్రాన దేశం చీకట్లో పడలేదు. దోర్నాల, పుల్లలచెరువు, ఎర్రగొండపాలెం అడవుల్లోని చెంచు గూడేలు రేపు అలాంటి సభకు నడిచి రాగలిగేవి. ఆ నడక కూడా మీ కాగితంలో మిగల్లేదు.

ఇంకొకటి. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు కోసం కొల్లంవాగు నుంచి ఈవలికి నల్లమల కింద రెండు సొరంగాలు తవ్వారు, ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్లు. మొదటి దాని తవ్వకం 2021లో, రెండోదాని తవ్వకం 2024లో ముగిసింది. నీళ్ల కోసం తవ్వినా, భూగర్భ శాస్త్రానికి అది నల్లమల కడుపులో అడ్డంగా గీసిన గీత. అంత పొడవున రాయి చేతికి దొరకడం ఏ సర్వే సంస్థకూ రోజూ జరిగేది కాదు. ఆ రాళ్లలో పైరైటు ఎంత, ఆర్సెనిక్ ఎంత, అవి బయట గుట్టలుగా పడిన చోట వాన నీరు ఎటు పోతుంది అన్న వివరం దోర్నాల, పెద్దారవీడు రైతులకు తెలుగులో అందించే బాధ్యత ఎవరిది? రేపు ఆ సొరంగంలోంచి వచ్చేది వాళ్లు తాగే నీళ్లే కదా.

కాబట్టి అడుగుతున్నది ఇది. 2025 సెప్టెంబరు 8 మెమోరాండంలో ప్రజాభిప్రాయ సేకరణ మినహాయింపును పర్యావరణ శాఖ వెనక్కి తీసుకోవాలి. అంతవరకు కనిగిరి, పొదిలి, మార్కాపురం, కంభం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం ప్రాంతాల మీద జీఎస్‌ఐ దగ్గరున్న వాగు ఒండ్రు లెక్కలను పంచాయతీ వారీగా విడదీసి, ఫ్లోరైడు, ఆర్సెనిక్, సీసం, కాడ్మియం, యురేనియం అంకెలను ఒక్క కాగితం మీద, తెలుగులో, ఎంత ఉంటే ఫరవాలేదో ఎంత దాటితే ప్రమాదమో రంగుతో చూపించి గనుల శాఖ పంపాలి. ఆ కాగితం పక్కనే తాగునీటి బోరు పరీక్ష ఫలితం కూడా అతికించాలి. మట్టిలో ఉన్నదంతా నీళ్లలోకి దిగదు, ఆ తేడా కూడా జనానికి తెలియాలి. అన్వేషణ లైసెన్సు పొందిన కంపెనీ మొదటి డ్రిల్లు దించేలోపు ఆ చుట్టుపక్కల బావుల నీటి నమూనాలు ఊరి సమక్షంలో తీసి, సగం సీసా పంచాయతీ కార్యాలయంలో సీలు వేసి ఉంచాలన్నది షరతుగా పెట్టాలి. కంభం చెరువు పూడిక పొరల అధ్యయనానికి మీ మిషన్‌లోని 16,300 కోట్లలోంచి ఎంత తీయగలరో మీరే చెప్పండి.

మొదటి కాగితం ఏ పంచాయతీకి పంపాలో తోచకపోతే కనిగిరి మండలం నుంచి మొదలుపెట్టండి. 1937 నుంచి ఆ నీళ్ల గురించి ఎదురుచూస్తున్న సీమ అది. అక్కడి ఏ బడిలోనైనా ఒక గంట కూర్చుంటే, ఏ బెంచీ మీద పిల్లల పళ్లు ఎలా ఉన్నాయో చూసి, మీ పటంలో ఏ గడికి ఏ రంగు వేయాలో మీ అధికారులే గుర్తుపట్టగలరు.

జవాబు కోసం చూస్తూ,
పశ్చిమ ప్రకాశం పక్షాన